భూత్ హవేలీ ముందు చెప్పులు

సంతోష్‌నగర్ ఫ్లాటుకు వచ్చిన నాటి నుంచి రామ్‌చందర్ ఒకటే పని పెట్టుకున్నాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఫ్లాటు తలుపు బార్లా తెరిచి, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. లిఫ్టు చప్పుడైతే మెడ చాచి చూస్తాడు. ఎదురింటివాళ్లు దిగుతారు, గ్యాసు సిలిండరు మోసుకొచ్చేవాడు దిగుతాడు, ట్యూషన్ పిల్లలు దిగుతారు. ఆయన చూసే మనిషి మాత్రం దిగదు. దిగడానికి ఆమె పోయి మూడేళ్లయింది.

"మీ అత్తమ్మ ఇంక రాలే బిడ్డా" అంటాడు కోడలు గీతాంజలితో, కూరగాయలకు పోయిన మనిషి ఆలస్యం చేసిందన్నంత మామూలుగా.

కొడుకు రవీందర్‌కు ఇది పెద్ద తలనొప్పి. దోమలొస్తున్నాయని ఒకరోజు, పక్కవాళ్లు ఏమనుకుంటారని ఒకరోజు, తలుపు కోసం తండ్రితో లొల్లి పెట్టుకుంటాడు. డాక్టరు అంతా వయసు మీదకు తోసేసి మాత్రలు రాశాడు. ముసలాయన మాత్రలు మింగుతున్నాడు గాని అన్నం మింగడం లేదు. కంచం ముందు పెడితే నాలుగు మెతుకులు కెలికి, "ఆమె వచ్చినంక తింట" అని జరిపేస్తాడు. రెండు చేతులా పాల క్యాన్లు పట్టుకుని శాలిబండ గల్లీలన్నీ తిరిగిన మనిషి. ఇప్పుడు నీళ్ల చెంబు ఎత్తితే చెయ్యి వణుకుతోంది. ఇట్లాగే ఉంటే ఈ చలికాలం దాటడని గీతాంజలికి తెలుసు. ఎందుకిట్లా అవుతోందో కూడా తెలుసు. ఆ సంగతి తెలిసింది తనొక్కతికే అనుకుంది.

శాలిబండ ఇల్లు కొన్ని నెలల కింద రోడ్డు వెడల్పులో పోయింది. ముందు గదిలో పాల దుకాణం, వెనక కాపురం, ఆ వెనక ఒకప్పుడు బర్రెలు కట్టిన కొట్టం. అంతా ఒక్క పూటలో మట్టయింది. కూల్చక ముందే పాత కలప కొనే మనిషి వచ్చి తలుపులు, దర్వాజలు, గడపలు, కిటికీలు ఊడబీకి లారీలో వేసుకుపోయాడు. గల్లీలో పోయిన ఇళ్లన్నింటివీ అట్లాగే పోయాయి. ఎటు పోయాయని ఎవరూ అడగలేదు.

ఆ పాత ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇల్లు విడిచేటప్పుడు దేవుడి పటాలు పోతాయి, పొయ్యి పోతుంది, సామానంతా పోతుంది. ఆఖరికి ఇంటి కోడలు ఒక్కతే వెనక్కి వచ్చి, గడపకు పసుపు కుంకుమ పెట్టి, చెంబెడు పాలు పోసి, పోయిన పెద్దలను పిలవాలి. ఇల్లు విడుస్తున్నాం, మా వెంట రమ్మని నోరు తెరిచి చెప్పాలి. చెప్పాక వెనక్కి తిరిగి చూడకూడదు. పిలవకపోతే పోయినవాళ్లకు ఇల్లు మారిన సంగతే తెలియదట. ఆ గడపను పట్టుకుని అక్కడే ఉండిపోతారట.

గీతాంజలి గడపకు పసుపు రాసింది. పాలు పోసింది. పిలవలేదు.

పిలవకపోవడానికి ఊరంతా ఔనని తలూపే కారణమేమీ లేదు. అత్త శారదమ్మ కోడలి మీద చెయ్యి చేసుకున్నది కాదు, తిండి దగ్గర తక్కువ చేసిందీ కాదు. కాని పెళ్లయి వచ్చిన నాటి నుంచి గీతాంజలి చేసిన ఏ ఒక్క పనినీ ఆమె ఊరికే పోనియ్యలేదు. చీపురు పట్టే తీరు బాగుండదు, పప్పు మెదిపే తీరు బాగుండదు, చీర మడత పెడితే ఆ మడత విప్పి తానే మళ్లీ పెట్టేది. ఇంటికి ఎవరొచ్చినా, వచ్చినవాడు పోలీసైనా సరే, ముఖం చూడకుండానే లోపలి నుంచి ఒకటే కేక: "చెప్పులు బయట విడువు." ఆ గొంతు కింద ఇన్నేళ్లు బతికాక గీతాంజలికి ఒక ఆశ పుట్టింది. ఒక్క ఇల్లు, ఒకే ఒక్క ఇల్లు, తన మడతలు తనవిగా ఉండే ఇల్లు కావాలనుకుంది. అందుకే ఆ రోజు పెదవులు బిగించుకుని, ఖాళీ చెంబు చంకన పెట్టుకుని వచ్చి వ్యానెక్కేసింది.

ఒక ఆదివారం వాళ్లు మౌజ్ వరల్డ్ అనే వినోదాల పార్కుకు పోవడం కూతురు లావణ్య వల్ల జరిగింది. లావణ్య అయిదో తరగతి. క్లాసులో అందరూ పోయొచ్చారు, తానొక్కతే పోలేదని వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగింది. రవీందర్ చివరికి పాల వ్యాను కడిగి, వెనక ట్రేలు ఒక పక్కకు నెట్టి, చాప పరిచాడు. తాతను ఒక్కణ్ణే ఇంట్లో వదిలేసేది లేదు కాబట్టి ఆయననూ ముందు సీట్లో కూర్చోబెట్టారు.

"నేను లేనప్పుడు ఆమె వస్తే ఎట్లరా" అన్నాడు రామ్‌చందర్.

"వస్తే వాచ్‌మన్ కూచోబెడ్తడు తియ్యి బాపూ" అని రవీందర్ బండి స్టార్ట్ చేశాడు.

మౌజ్ వరల్డ్ రింగు రోడ్డు అవతల, బండరాళ్ల మధ్య ఉంది. గేటు దాటగానే ఈజిప్టు. ఫైబరుతో చేసిన రాజులు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు, ఒకాయన ముక్కు రంగు ఊడి తెల్లగా బయటపడింది. తర్వాత మంచులోకం. అక్కడ అద్దె కోట్లు ఇస్తారు, అవి ఇంతకు ముందు తొడిగినవాళ్ల చెమట వాసనేస్తాయి. ఆ పక్కన అడవి. ప్లాస్టిక్ ఏనుగు తొండంతో నీళ్లు చిమ్మి జనాన్ని తడిపి, తడిసినందుకు వాళ్ల చేతనే కేరింతలు కొట్టిస్తుంది. లావణ్య ఒక్కదాన్నీ వదలలేదు. పడవ ఊగుతుంటే తండ్రి జేబు పట్టుకుని అరిచింది, దిగాక మళ్లీ ఎక్కుతానంది. గీతాంజలి బిడ్డను చూసి నవ్వుతూనే ఉంది, నవ్వుతూనే మామ వైపు చూస్తోంది. ఆయన బెంచీ మీద కూర్చుని, ఇంత డబ్బు పెట్టి జనం ఎందుకు భయపడుతున్నారో అర్థం కానట్టు చూస్తున్నాడు.

అన్నింటికీ చివర 'పాతపట్నం' అని బోర్డు. మనిషికి రెండింతల ఎత్తున చార్మినారు, గాజుల దుకాణం, షేర్వానీ తొడుక్కుని, వచ్చినవాళ్ల మీద అత్తరు చల్లే పిల్లగాడు. పాతబస్తీ నుంచి ఇంత దూరం వచ్చి, టికెట్టు కొని, పాతబస్తీని చూడాలన్నమాట. గీతాంజలికి నవ్వొచ్చింది. అక్కడి గల్లీలు మరీ శుభ్రంగా ఉన్నాయి, అదొక్కటే తేడా.

గల్లీ చివర భూత్ హవేలీ. దాని మీద ఎర్ర అక్షరాలతో, 'అసలు సిసలు పాతబస్తీ తలుపులు. దాటే దమ్ముందా?' అని రాశారు. బయటికొచ్చే దారిలో జనాన్ని చూసి గీతాంజలి ఆగిపోయింది. వస్తున్నవాళ్లు సగం మంది వట్టి కాళ్లతో వస్తున్నారు. జీన్సు ప్యాంటు పిల్లలు, పెళ్లయిన జంటలు, అందరూ. బయటికొచ్చాక కాళ్ల వైపు చూసుకుని, తెల్లబోయి, ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. ఎముకల బొమ్మలున్న నల్ల దుస్తులు తొడుక్కున్న మనిషొకడు, ముసుగు నెత్తి మీదకు నెట్టుకుని, ప్లాస్టిక్ తొట్టి నిండా చెప్పులు మోసుకొచ్చి వాళ్ల ముందు కుమ్మరించాడు.

"ఏందన్నా ఇది" అని అడిగింది గీతాంజలి.

ఆ మనిషి పేరు డానియేలు, లోపల దయ్యం ఉద్యోగం. విసుగ్గా నడుం పట్టుకున్నాడు. "మూడో తలుపు కాడ అందరు చెప్పులు విడుస్తున్నరు మేడం. ఎందుకు విడుస్తున్నరో సమజ్ అయితలేదు. ముసలమ్మ కేకేసిందంటరు. మా రికార్డింగుల నవ్వే దయ్యం ఉంది, ఏడ్చే దయ్యం ఉంది. చెప్పులు విడువు అనే దయ్యం లేదు."

గీతాంజలికి ఆ కేక ఎవరిదో తెలుసు. వెనక, మామను కూర్చోబెట్టిన బెంచీ కిర్రుమంది. తిరిగి చూస్తే రామ్‌చందర్ లేచి నిలబడి ఉన్నాడు. చేతికర్ర బెంచీ మీదే వదిలేశాడు.

"నడువు బిడ్డా" అన్నాడు.

రవీందర్, లావణ్య గాలి రాట్నం లైనులో ఉన్నారు. వాళ్లకు చెప్పే వ్యవధి లేదు. గీతాంజలి మామ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

లోపల గది తర్వాత గది. గదికీ గదికీ మధ్య ఒక పాత దర్వాజ, దానికి తలుపు, కింద గడప. మొదటి గదిలో తెల్ల గుడ్డ ఒకటి పైనుంచి దిగి మీద పడింది. రెండో గదిలో ఆడగొంతు ఒకటి ఏడుస్తూ ఉంది, ఎక్కడో సన్నగా కరెంటు గర్రుమంటోంది. ఆ రెండింటికీ రామ్‌చందర్ తల కూడా ఎత్తలేదు. మూడో తలుపు ముందు నీలం దీపం కింద చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి, ఇంట్లో ఏదో కార్యం జరుగుతున్నట్టు. రామ్‌చందర్ తన చెప్పులు విడిచి వంగి గడపను తడిమాడు. ఎడమ వైపు చెయ్యి పట్టేంత గుంట. తెల్లారగట్ల పాల క్యాన్లు ఈడ్చి ఈడ్చి ఆయనా, ఆయన తండ్రీ అరగదీసిన గుంట.

"మనదే" అన్నాడు.

గీతాంజలికి పాలు కాగుతున్న వాసన వచ్చింది. పొంగడానికి ఇంకొంచెం ముందు వచ్చే వాసన. ఆ వెంటనే చెవి పక్కన, రికార్డింగుకు రాని దగ్గరితనంతో, "చెప్పులు బయట విడువు" అని వినిపించింది. ఆమె కాళ్లు వాటంతట అవే చెప్పుల్లోంచి బయటికొచ్చేశాయి.

ఇన్ని నెలలుగా ఈ మనిషి ఇక్కడుంది. తన గడప ఎందుకు ఊరు దాటిందో తెలియక, తన ఇంట్లోకి ఎవరెవరో కేకలు పెట్టుకుంటూ ఎందుకు వచ్చిపోతున్నారో తెలియక, వచ్చిన ప్రతివాడికీ చెప్పుల సంగతి చెప్పుకుంటూ ఉంది. గీతాంజలికి భయం కన్నా ముందు సిగ్గు వేసింది.

"పిలువు బిడ్డా" అన్నాడు రామ్‌చందర్. ఆమె కదలకపోయేసరికి, మెల్లగా అన్నాడు, "ఆనాడు నువ్వు పిలువలే. వ్యాన్ల కూచొని చూస్తనే ఉన్న. నీ నోరు మెదలలే."

"మరి నన్నెందుకు అడగలే మామా?"

"అడిగితే నా కోసం పిలుస్తుంటివి. నా కోసం పిలిస్తే ఆమె వస్తదా?"

వెనక నుంచి కాలేజీ పిల్లల గుంపు వచ్చి మీద పడింది. "ఆంటీ, జల్దీ నడువుండ్రి" అని ఎవరో నెట్టారు. గీతాంజలి దర్వాజ పట్టుకుని నిలదొక్కుకుంది. అత్త పేరు కోడలు పలకదు. ఆసుపత్రిలో పేరు అడిగినప్పుడు కూడా ఆమె రవీందర్‌నే ముందుకు తోసేది. ఇప్పుడూ అలవాటైన పిలుపే నోటికొచ్చింది. "అత్తమ్మా, రా, ఇంటికి పోదాం" అనేసింది. వంటింట్లో నుంచి అన్నానికి పిలిచేటప్పుడు, కళ్లు పొయ్యి మీద పెట్టి పిలిచేది కదా, అట్లాగే పిలిచింది.

ఏడుస్తున్న గొంతు టక్కున ఆగిపోయింది. వెనక గదిలో ఒక తలుపు కిర్రుమంది. ముందు గదిలో ఒకటి. ఆ తర్వాత నడవా పొడుగునా ఒకటి తర్వాత ఒకటి. గాలి చల్లగా కాదు, వెచ్చగా, నలుగురు కూర్చున్న గదిలో గాలిలా వెచ్చగా వచ్చి ఆమె వీపుకు తగిలింది.

"వెనకకు చూడకు" అన్నాడు రామ్‌చందర్. ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలయిందో.

తిరుగు దారిలో వ్యాను ఫ్లైఓవర్ ఎక్కలేక మూలిగింది. "ఖాళీ బండి, గింత బరువు ఏంది" అని రవీందర్ గేరు మార్చాడు. వెనక చాప మీద కూర్చున్న లావణ్య తల్లిని మోచేత్తో పొడిచింది.

"మమ్మీ, జరుగు. నాకు జాగ లేదు."

"మనిద్దరమే కద ఉన్నది, ఎటు జరగాలె?"

"ఏమో. ఇటు పక్క జాగ లేదు."

గీతాంజలి బిడ్డను ఒళ్లోకి లాక్కుని ముందుకే చూస్తూ కూర్చుంది. ఏదో గాజుల చప్పుడు వినపడుతూనే ఉంది, పాల ట్రేలు కదులుతున్నాయేమో అనుకోవడానికి ప్రయత్నించింది. ఫ్లాటు దగ్గర నలుగురూ లిఫ్టు ఎక్కితే బరువు ఎక్కువైందని లిఫ్టు కూసింది. రవీందర్ దిగి మెట్ల మీద పోయాడు. అయినా కూసింది. లావణ్య దిగింది. ఇంకా కూస్తుంటే గీతాంజలి మామను పట్టుకుని మెట్ల వైపు తిరిగింది.

దీపాల వేళయింది. రామ్‌చందర్ తలుపు తెరిచి, కుర్చీలో కాకుండా నిలబడే, వచ్చేవాళ్లకు దారి ఇచ్చాడు. చేతులు జోడించాడు. పాల గిరాకీలను పలకరించినట్టు ఒక్కొక్కరినీ పలకరించాడు.

"గోవర్ధన్ వాళ్ల అమ్మ. రా అక్కా. పొద్దున అర్ధలీటరు బర్రె పాలు, ఎన్నడు బాకీ పెట్టలే. ఈమె బుచ్చయ్య సేటు భార్య. నీళ్లు కలిపినవని రోజు లొల్లి. రా సేఠానీ, కూచో." ఒకామె దగ్గర ఆగి నుదురు రుద్దుకున్నాడు. "నువ్వు మా గల్లీ కాదు కదమ్మా. ఉప్పుగూడనా? సరే, రా."

గీతాంజలికి ఎవరూ కనపడలేదు. కాని సోఫా దిండ్లు ఒకటొకటిగా లోపలికి కుంగాయి. గదిలో జర్దా వాసన, కొబ్బరినూనె వాసన, పెట్టెలో దాచిన పట్టుచీర వాసన కలిసిపోయాయి. ఎవరో పొడిగా దగ్గారు. ఎక్కడో వేలితో గోడను గీకి సున్నం రాలుతుందా లేదా చూసిన చప్పుడు. రవీందర్ తలుపు దగ్గర తండ్రి వట్టి గాలితో మాట్లాడటం చూసి, ఇంక ఆయన మతి పూర్తిగా పోయిందనుకుని, బాల్కనీలోకి పోయి కళ్లు తుడుచుకున్నాడు.

చివరి మనిషి వచ్చాక కూడా రామ్‌చందర్ లిఫ్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి తిరిగాడు. ముఖంలో నవ్వు లేదు.

"అందరు అత్తలే వచ్చిన్రు బిడ్డా. మీ అత్త రాలే."

గీతాంజలికి అప్పుడు అర్థమైంది. ఆ హవేలీలో ఒక్క తలుపు కాదు, గల్లీల గల్లీల తలుపులున్నాయి. ఒక్క గడప దగ్గర కాదు, ప్రతి గడప దగ్గరా ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. తనలాంటి కోడళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. కొందరు కోపంతో పిలవలేదు, కొందరు మరిచిపోయారు, కొందరికి ఆ ఆనవాయితీ చెప్పినవాళ్లే లేరు. చీకట్లో ఒక ఆడగొంతు అత్తమ్మా రా అని పిలవగానే, పాపం, ప్రతి ముసలమ్మా తన కోడలే వచ్చిందనుకుని లేచి వచ్చేసింది.

"మరి ఆమె ఎందుకు రాలే?"

"నీ గొంతు ఆమెకు తెల్సు" అన్నాడు రామ్‌చందర్. "నువ్వు రమ్మని పిలిస్తే ఎట్లుంటదో, పిలువాలె కాబట్టి పిలిస్తే ఎట్లుంటదో గూడ తెల్సు."

ఆయన అన్నం ముట్టలేదు. పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గీతాంజలి వంటింట్లోకి పోయి పాలు కాచి, ఇంట్లో ఉన్న గ్లాసులన్నింట్లో పోసి సోఫా ముందు పెట్టింది. ఇంటికొచ్చినవాళ్లకు ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం ఆమెకు చేతకాదు, అది శారదమ్మ నేర్పిన పనే. "నేను మీ కోడల్ని కాదు, మాఫ్ చెయ్యుండ్రి" అంది గాలితో. ఎవరూ లేచిన చప్పుడు కాలేదు.

తెల్లారి చూస్తే గ్లాసుల్లో పాలు పాలలాగే ఉన్నాయి. మీద మీగడ మాత్రం లేదు. లావణ్య నిద్ర లేచి వచ్చింది. తలకు నూనె పెట్టి, చర్మం లాగేంత బిగువుగా రెండు జడలు వేసి ఉన్నాయి.

"ఎవరేసిన్రే?"

"నువ్వే కద" అంది లావణ్య ఆవలిస్తూ. "మస్తు గట్టిగ ఏసినవ్ మమ్మీ. నొప్పి పెడుతుంది."

రామ్‌చందర్ లేవలేదు. ఒళ్లు చల్లగా ఉంది, ఊపిరి పైపైన ఆడుతోంది. రవీందర్ అంబులెన్సుకు ఫోను చేయాలా వద్దా అని చేతిలో ఫోను పట్టుకుని తిరుగుతున్నాడు. గీతాంజలి మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"మళ్ల పోయొస్త మామా."

"నా కోసమైతే పోకు." ఆయన కళ్లు తెరవలేదు. "నీ కోసమైతే పో."

"ఇంట్ల వీళ్లందరు?"

"వీళ్ల ఫికర్ నీకెందుకు? ఆమె వస్తే ఎవరి కోడలు ఏడ అద్దెకున్నదో చెప్పి తోలిస్తది. పట్నమంత ఖబర్ ఆమె కాడ ఉంటది."

గీతాంజలి బస్సెక్కింది. దారి పొడుగునా మామ మాట చెవిలో పడుతూనే ఉంది. నీ కోసమైతే పో. తన కోసం ఆ మనిషి ఎందుకు కావాలి? నవ్వొచ్చేంత వింత ప్రశ్న. ఆమె లేకుండా చేసుకోవడానికే కదా నోరు మూసుకుని వ్యానెక్కింది.

సోమవారం కావడంతో పార్కులో జనం లేరు. ఫైబరు రాజులు వట్టి దారిని చూస్తున్నారు. మంచులోకంలో యంత్రాలు ఆపేశారేమో, తలుపు కింద నుంచి నీళ్లు కారి వస్తున్నాయి. భూత్ హవేలీ మెట్ల మీద డానియేలు ముసుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టి లేచాడు.

"మేడం, నిన్న మీరు పోయినప్పటి సంది లోపట అంత చుప్. రికార్డింగు పెట్టినా ఎవ్వరు భయపడుతలేరు. ఆ మూడో తలుపు ముసలమ్మ మాత్రం ఆపుతలేదు."

"ఆపదు" అంది గీతాంజలి. "ఆమె సంగతి నీకు తెల్వదు."

మూడో తలుపు దగ్గర ఆమె చెప్పులు విడిచింది. ఈసారి ఎవరూ చెప్పకముందే విడిచింది. గడపకు ఇవతల నిలబడింది. అవతల గదిలో చీకటి తప్ప ఏమీ లేదు. వెనక నుంచి నెట్టే పిల్లలూ లేరు.

"నేనే" అంది. "కోపంతోనే పిలువలే. మరిచిపోయి కాదు." గడప ముందు కూర్చుంది. "ఒక్క ఇల్లు నాదనిపించుకోవాలనుకున్న. నేను మడిచిన చీర నేను మడిచినట్టే ఉండాలనుకున్న. ఇప్పుడు అట్లనే ఉంటుంది. ఎవ్వరు ఏమంటలేరు. పొద్దున్నే పాలు పెడ్త, పాలు చూడు అని ఎవ్వరు అంటలేరు, నేను అట్లనే నిలబడి పొంగిపోయేదాక చూస్త. రోజు పొంగుతున్నయ్. పొయ్యి తుడుస్తుంటె ఏడుపొస్తది. నువ్వు ఉన్నప్పుడు నీ మీద కోపం చేసుకుంట బతికిన. ఇప్పుడు ఎవరి మీద చేసుకోవాలె? నాకు ఎవ్వరు లేరు. నాకు చెప్పేటోళ్లే లేరు."

చీకటి కదలలేదు. పాల వాసన కూడా రాలేదు. ఒక్క క్షణం గీతాంజలికి ఆమె నిజంగానే వెళ్లిపోయిందేమో, ఇంక ఎక్కడా లేదేమో అనిపించి భయం వేసింది. మామ కోసం కాదు ఆ భయం. అత్తమ్మా అని పిలిస్తే పట్నంలోని ఏ అత్త అయినా వస్తుంది. గీతాంజలికి కావలసింది ఒక్కతే. గడప మీద రెండు చేతులూ పెట్టి, జన్మలో మొదటిసారి ఆ పేరు పలికింది.

"శారదమ్మా. రా. ఇంటికి పోదాం."

చీకట్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఏందే, పేరు వెట్టి పిలుస్తున్నవ్?" అంది లోపలి గొంతు. "ఎవలు నేర్పిన్రు నీకు గీ బుద్ధులు?"

గీతాంజలి కొంగుతో నోరు నొక్కుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని, వెనక్కి తిరగకుండా వెలుతురు వైపు నడిచింది. మెట్ల మీద డానియేలు ఏదో అడిగాడు, ఆమెకు వినపడలేదు. వెనక ఒక అడుగు పడింది, ఆగింది, మళ్లీ పడింది. శారదమ్మకు మోకాళ్ల నొప్పులు. గీతాంజలి పాతపట్నం దాటి, అడవి దాటి, ఈజిప్టు రాజుల ముందు నుంచి గేటు దాకా, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ మెల్లగా నడిచింది.